మిద్దె మీద ఆఖరి పోస్టింగ్

నవంబర్ నెల, పొద్దున ఆరున్నర. నారాయణఖేడ్ బస్టాండులో దిగాను. వెంట ఒక నల్ల ట్రంకు పెట్టె, ఒక హోల్డాలు. పొగమంచు దట్టంగా ఉంది. రోడ్డవతల ఆటో కనబడటం లేదు, ఇంజను చప్పుడే వినబడుతోంది. ఒంటి మీద పాత పటాలం స్వెటరు. ఫౌజు నుంచి రిటైరై నెల కూడా కాలేదు. నన్ను ఖేడ్‌కు రమ్మన్నది మా అక్క. రమ్మని అడగలేదు, ఆర్డరిచ్చింది.

సైనికుడి జ్ఞాపకాలంటే మీకు మంచుకొండలు కావాలి, తూటాలు కావాలి. పెళ్లిళ్లలో, చాయ్ హోటళ్లలో అందరూ నన్ను అవే అడుగుతారు. చూశాను అవన్నీ. చెప్పను, పొండి. నేను నిజంగా పళ్లు బిగబట్టి నిలబడిన పోస్టు వేరే ఉంది. అది మా అక్క అద్దెకుండే ఇంటి మిద్దె. అక్కడ చలితో కొట్లాడాను, కోతులతో కొట్లాడాను, ఇంటి ఓనరుతో కొట్లాడాను. అన్నిటికంటే ఎక్కువగా ఒక మాటతో కొట్లాడాను.

ఆ మాట ఏంటో ముందు చెప్పాలి. మాది మిషన్ కాలం నుంచీ క్రైస్తవ కుటుంబం. క్రిస్మస్ వెళ్లిన తర్వాత నెలలో మా చర్చిలో పంట పండుగ చేస్తాం. ఎవరి చేలో పండింది వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. జొన్న కంకులు, కంది కట్టలు, పత్తి, గుమ్మడికాయలు, ఒక్కోసారి కాళ్లు కట్టిన కోడిపుంజు. ప్రార్థన అయ్యాక వాటిని అక్కడే వేలం వేస్తారు. కంగ్టి దగ్గర మా బావకు ఎకరం చెలక ఉండేది. అక్క ఏటా కంది కట్ట నెత్తిన పెట్టుకుని చర్చిలోకి నడిచేది. బావకు జబ్బు చేసింది. దవాఖానల చుట్టూ తిరిగిన ఏడాదిలో చెలక పోయింది, ఆ తర్వాత బావా పోయాడు. అక్క ఖేడ్ వచ్చి ఒక ప్రైవేటు బడిలో ఆయాగా చేరింది. అయినా పండుగ మానలేదు. సంతలో కూరగాయలు కొని, గంపలో పేర్చి తీసుకుపోయేది.

కిందటేడు సంఘపెద్ద భార్య అందరి ముందూ ఆ గంపలోకి తొంగి చూసిందట. చాలా ఎకరాలున్న ఇల్లు వాళ్లది. "కొనుక్కొచ్చినయి గీడ పెడ్తే పంట పండుగ ఎట్లయితది శాంతమ్మా? మట్టి లేనోళ్లకు గీ పండుగ ఎందుకు?" అన్నదట. నలుగురు నవ్వారట. అక్క గంప అక్కడే వదిలి వెనక వరసలోకి వెళ్లి కూర్చుందట.

ఇది నాకు ఫోన్లో చెప్పలేదు. నేను వచ్చిన రోజు, జొన్నరొట్టె నా పళ్లెంలో వేస్తూ చెప్పింది. నాకు ఒళ్లు మండింది. వెళ్లి ఆమెతో మాట్లాడతానన్నాను.

"నువ్వు మాట్లాడితే ఏమొస్తది తమ్మీ? నాకు మాటలొద్దు. నా చేతుల మొలిచింది గా పీఠం ముంగట పెట్టాలె. ఈ యేడే పెట్టాలె."

"భూమి ఏది అక్కా?"

అక్క చెయ్యి పైకెత్తి ఇంటి కప్పు చూపించింది.

భోజనం కాగానే రెక్కీకి పైకి వెళ్లాను. మిద్దె పొడవు ముప్పై అడుగులు, వెడల్పు ఇరవై. పిట్టగోడ మోకాలెత్తు. పడమర నీళ్ల ట్యాంకు, ఉత్తరాన మెట్ల గది. ఎండ ఏడున్నరకు తూర్పు గోడ దాటి వస్తుంది. సాయంత్రం నాలుగింటికి ట్యాంకు నీడ సగం మిద్దెను కప్పేస్తుంది. అంటే ఆగ్నేయం మూల మంచి పొజిషన్. గాలి ఉత్తరం నుంచి. మెట్ల గది దాన్ని ఆపుతుంది. ఆ మెట్ల గదినే నా బంకరు చేసుకున్నాను. ఒక మడత మంచం, ఒక దుప్పటి, ఒక కర్ర, కొట్టి చప్పుడు చేయడానికి ఒక స్టీలు పళ్లెం.

ఇంటి ఓనరు కింద కిరాణా కొట్టు సావుకారి. వాళ్ల తాతలు బీదరు వైపు నుంచి వచ్చారు. ఇంట్లో కన్నడం, కొట్లో తెలుగు. నేను మిద్దె కొలుస్తుంటే మెట్లెక్కి వచ్చాడు.

"ఏం మిల్ట్రీ, మిద్దె మీద పొలం చేస్తవా? నీళ్లు నిలిచి స్లాబు ఉరిస్తె ఎవలు జిమ్మేదారి? బేడప్పా, బేడ. వద్దంటె వద్దు."

"ఉరవది సావుకారీ. డబ్బాలు ఇటుకల మీద పెడ్త. కింద గాలాడుతది, తడి ఆరుతది."

"ఇటుకలు ఎవలిస్తరు?"

"నువ్వే."

"డబ్బాలు?"

"గవి కూడా నువ్వే."

నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "మిల్ట్రోళ్లు గిట్లనే లూటీ చేస్తరా?" అన్నాడు. మర్నాడు కొట్టు వెనక పడి ఉన్న ఖాళీ నూనె డబ్బాలన్నీ తీసుకుపొమ్మన్నాడు. ఆ రోజు నుంచి మా పోస్టుకు సరుకు అందించే క్వార్టర్ మాస్టరు అతనే.

పని మొదలుపెట్టాను. ఆకుకూరలకు డబ్బాను పక్కకు పడుకోబెట్టి, పైకొచ్చిన వైపు రేకు కత్తిరించాలి. ఆకుకూర వేరు లోతుకు పోదు, దానికి జానెడు మట్టి చాలు. ముల్లంగికి డబ్బా నిలువుగా ఉండాలి. రెంటికీ అడుగున మేకుతో చిల్లులు కొట్టాలి, చిల్లుల మీద పెంకు ముక్కలు పెట్టాలి, లేదంటే మట్టి కారిపోతుంది. పక్క గల్లీలో ఎవరో ఇల్లు కడుతున్నారు. పునాది తవ్విన ఎర్రమట్టి గుట్టగా ఉంది. అడిగితే తీసుకుపొమ్మన్నారు. కల్హేర్ రోడ్డులో ఒక మేకల మంద ఆయన దగ్గర రెండు సంచుల ఎరువు తెచ్చాను. మట్టి రెండు పాళ్లు, ఎరువు ఒక పాలు, పిడికెడు ఇసుక. విత్తనాలకు పెద్ద తతంగం లేదు. మెంతులు అక్క పోపుల డబ్బాలోవే. ధనియాలు చెప్పు కింద వేసి రుద్దితే రెండు బద్దలవుతాయి, అలా అయితేనే జల్దీ మొలుస్తాయి. పాలకూర, ముల్లంగి విత్తనాలు మాత్రం కొన్నాను. ఒక డబ్బాలో ఎల్లిగడ్డ రెబ్బలు గుచ్చాను, ఆకు కోసం.

ఇక్కడ ఒక సంగతి. ఫౌజులో ఏ యూనిట్‌కు పోయినా చూడండి, కదలని వస్తువు ఏది కనబడినా దానికి కింద ఎర్ర జాజు, పైన సున్నం పట్టీ పడుతుంది. ఇటుకలకు, చెట్ల మొదళ్లకు, పూలతొట్లకు. అది మా రక్తంలో ఉంది. వరసగా పెట్టిన నూనె డబ్బాలు నాకు సిగ్గుగా కనిపించాయి. బ్రష్షు పట్టి అన్నిటికీ రంగులేశాను. దారం కట్టి వరస సరిచేశాను. బకెట్లో సున్నం నీళ్లు మిగిలాయి. పారబోయడం ఎందుకు, పురుగు పట్టకుండా ఉంటుంది కదా అని ఆ నీళ్లు డబ్బాల్లోనే తలా కొంచెం పోశాను.

వారంలో మొలకలు వచ్చాయి. ఇంకో నాలుగు రోజుల్లో ఆకుల అంచులు పసుపెక్కి, కాల్చినట్టు మాడిపోయాయి. అక్క బడి నుంచి వచ్చి, ఒక మొలక పీకి చూసి, మట్టి వాసన చూసింది.

"ఏం పోసినవ్ గీండ్ల?"

చెప్పాను.

"సున్నమా! ఓరి నీ తెలివి సల్లగుండ! తమ్మీ, మొక్కలు పెంచుతున్నవా, తమలపాకులు కడ్తున్నవా?"

"పోస్టు నీట్‌గా ఉండాలె గద అక్కా."

"నీట్ మంచిగనే ఉంది. సైన్యమంత సచ్చింది."

అంత కోపంలోనూ నవ్వింది. నేను నవ్వలేకపోయాను. పండుగకు ఇంకా ఏడు వారాలు కూడా లేవు. ముల్లంగికి ఆరు వారాలు పడుతుంది. మళ్లీ మట్టి మోశాను. అన్ని డబ్బాలూ గుమ్మరించి, కడిగి, కొత్త మట్టి నింపి, రెండోసారి విత్తాం. ఈసారి అక్క పక్కనే కూర్చుంది. మట్టిలో వేలు పెట్టి ఎంత లోతో చూపించింది. మెంతులు చల్లి పైన పలచగా మట్టి దులిపింది, అంతే. ఆ చేతులు ఎన్నాళ్ల తర్వాత మట్టిలో పడ్డాయో. ఏదో పాట కూడా తీసింది. బావ పోయాక ఆమె పాడటం నేను వినలేదు.

డిసెంబరు వచ్చింది. మా వైపు చలి మీకు తెలియనిది కాదు. పొద్దున ట్యాంకు గొట్టం ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. సాయంత్రం ఐదింటికి గోనెసంచులు కప్పేవాణ్ని, పొద్దున ఎండ తగలగానే తీసేవాణ్ని. నీళ్లు ఎనిమిదింటికి, ఒక్కసారే. మధ్యాహ్నం పన్నెండున్నరకు బడిలో పిల్లలు అన్నం తినే టైముకు అక్క ఫోన్ చేసేది. అది మా రేడియో చెక్.

"పైన హాలత్ ఏంది?"

"అంతా ఖైరియత్. పాలకూర నాలుగాకులు. ముల్లంగి లేస్తుంది."

"సందేళ నీళ్లు పొయ్యకు. చలికి వేర్లు కుళ్తయి."

"సమజైంది."

"కొత్తిమీర?"

"ఇంకా సుస్తీ చేస్తుంది."

"చెయ్యనియ్. అది గంతే. ఇగ పెడుతున్న."

కోతుల సంగతి చెబుతాను. ఖేడ్‌లో మిద్దె మీద వడియాలు పెట్టిన ఎవరినైనా అడగండి, వాళ్లు తిట్టే తిట్లు నేను ఇక్కడ రాయలేను. మొదట ఒకటీ అరా వచ్చి చూసిపోయేవి. పళ్లెం మోగిస్తే ఉరికేవి. గోడ మీద తుమ్మ ముళ్లు పరిచాను. అక్క పాత దోమతెర డబ్బాల మీద కట్టాను. జనవరి నడిమికి పాలకూర అరచేతులంత అయింది. ముల్లంగి భుజాలు మట్టిలోంచి తెల్లగా బయటికి వచ్చాయి. సావుకారి రోజూ పైకొచ్చి చూసేవాడు. స్లాబు చూడటానికి వస్తున్నాననేవాడు కానీ స్లాబు వైపు చూసేవాడు కాదు.

"మిల్ట్రీ, పాలక్ జబర్దస్త్ వచ్చింది గదప్పా. ఒక్క ఆకు తెంపుకోవాల్నా?"

"పండుగ దాంక ఒక్క ఆకు ముట్టేది లేదు. అక్క ఆర్డర్."

"మీ అక్క పెద్ద ఆఫీసరున్నట్టుంది."

"మరేమనుకున్నవ్?"

పండుగ ఆదివారం. దానికి ముందు రోజు శనివారం, మధ్యాహ్నం మూడింటికి దాడి జరిగింది. మూడు మిద్దెల నుంచి ఒకేసారి వచ్చాయి. నేను లెక్కపెట్టలేదు, లెక్కపెట్టే టైము ఇవ్వలేదు. పెద్ద మగకోతి ఒకటి ట్యాంకు ఎక్కి కూర్చుంది. అది నన్ను చూసింది, నేను దాన్ని చూశాను. నేను పళ్లెం మోగించాను. అది పళ్లు చూపించింది. కర్ర ఎత్తి దాని వైపు రెండడుగులు వేశానో లేదో, వెనక మిగతావి దోమతెర మీద పడ్డాయి. ఇటు తిరిగితే అటు, అటు తిరిగితే ఇటు. ముల్లంగి పీకి, ఒక కొరుకు కొరికి, విసిరేసి ఇంకోటి పీకుతున్నాయి. ఒకటి పిల్లను పొట్టకు హత్తుకుని కొత్తిమీర డబ్బాలో కూర్చుని ధీమాగా పాలకూర తింటోంది. నేను గొంతు పోయేలా అరిచాను. నా చొక్కా చిరిగింది, మోచేయి గీరుకుపోయింది. వెనక్కి తగ్గలేదు. అవీ తగ్గలేదు. కడుపు నిండాకే వెళ్లాయి.

సావుకారి చప్పుడు విని పైకి వచ్చి, నోటి మీద చెయ్యి వేసుకున్నాడు. మిద్దె నిండా మట్టి, కొరికిన ముల్లంగి ముక్కలు. ఎల్లిగడ్డ కూడా పీకి పారేశాయి. మిగిలింది ఒకే ఒక్క డబ్బా, మెంతికూరది. ఆకు తెంపి రుచి చూసినట్టున్నాయి, చేదని వదిలేశాయి.

అక్క నాలుగున్నరకు వచ్చింది. మెట్ల పైన నిలబడి అంతా చూసింది. నాకు ఆమె మొహం చూసే ధైర్యం లేదు. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఏం మిగిలింది?"

"మెంతికూర. ఒక్క డబ్బా."

సావుకారి గొంతు సవరించుకున్నాడు. "శాంతమ్మా, నా మాటిను. బజార్ల కట్టలు ఇంక దొరుకుతయి. గంప నింపుకొని పో. కొన్నవని ఎవలికి ఎరుక?"

"నాకు ఎరుక గద సావుకారీ."

మెంతికూర కోసి కట్ట కడదామన్నాను. ఆ డబ్బా అంతా కోస్తే రెండు చిన్న కట్టలు. గంప అడుగుకు కూడా సరిపోవు. పైగా కోసిన మెంతికూర ఏదైనా ఒకటే, సంతలోదో మిద్దె మీదదో ఎవరు చెప్పగలరు? అక్క డబ్బా ముందు గొంతుక్కూర్చుంది. ఆకుల మీద చెయ్యి ఆడించింది.

"కొయ్యను," అంది.

"మరి?"

"డబ్బానే తీస్కపోత. మట్టి తోటి, వేర్ల తోటి."

"చర్చిలకు నూనె డబ్బానా అక్కా?"

"ఏం? నూనె డబ్బా అయితే దేవునికి కనవడదా?"

ఆదివారం పొద్దున మామూలుగా నీళ్లు పోశాను. అక్క ఇంకో చెంబు పొయ్యమంది, ఆకు వాడకుండా నిటారుగా ఉండాలని. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, షూ పాలిష్ చేసుకున్నాను. సావుకారి కొట్టు సరుకుల ఆటో తీసి, తనే నడుపుకుంటూ మమ్మల్ని చర్చి దగ్గర దింపాడు. లోపలికి రానన్నాడు, కానీ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు.

పాట మొదలైంది. జనం ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు. కంది కట్టలు, జొన్న కంకులు, పత్తి గంపలు. అక్క నెత్తిన చుట్టబట్ట పెట్టుకుంది. డబ్బా నేను ఎత్తి పెట్టాను. పట్టుకుని పక్కన నడుస్తానన్నాను, వద్దంది. రెండు చేతులు వదిలేసి, మెడ నిలబెట్టి నడిచింది. చిల్లుల్లోంచి కారుతున్న ఎర్రనీళ్లు ఆమె చెంప మీదుగా, తెల్లచీర మీదుగా జారుతున్నాయి. ఇరుపక్కల గుసగుసలు వినబడుతున్నాయి. నేను ఆమె వెనకే నడుస్తున్నాను. గుండె దడదడలాడింది. సరిహద్దులో కూడా ఇంత ఎప్పుడూ కొట్టుకోలేదు, నిజం చెబుతున్నాను.

ముందు వరసలోంచి సంఘపెద్ద భార్య లేచింది.

"ఏందిది శాంతమ్మా? చర్చిలకు మట్టి మోస్కొచ్చినవ్?"

అక్క ఆగింది. తల కదిలితే డబ్బా పడుతుంది, అందుకని కళ్లు మాత్రమే తిప్పింది.

"మట్టి లేనోళ్లకు పండుగ ఎందుకంటివి గద వదినా. తెచ్చిన."

పాట అక్కడక్కడా ఆగిపోయింది. వెనక వరసల్లో కూలి పనులకు పోయే ఆడవాళ్లు మాత్రం ఆపలేదు, ఇంకా గట్టిగా ఎత్తుకున్నారు. అక్క పీఠం దగ్గరికి వెళ్లి, డబ్బా దింపి, మెట్టు మీద పరిచిన తెల్లబట్ట నడిమధ్య పెట్టింది. నీళ్లు బట్టలోకి ఇంకడం మొదలుపెట్టాయి. పాస్టరు అయ్యగారు గబగబా వచ్చి, కింద పెట్టడానికి పళ్లెం లాంటిదేదైనా ఉందా అని అటూ ఇటూ చూశారు.

"బట్ట నేనే ఉతికిస్త అయ్యగారూ. ఇప్పుడు మాత్రం తియ్యకుండ్రి," అంది అక్క.

ఆయన ఒక్క క్షణం ఆమెను చూసి, వెనక్కి తగ్గారు.

ప్రార్థన తర్వాత వేలం. మెంతికూర డబ్బా వంతు వచ్చింది. నవ్వబోయినవాళ్లు ఉన్నారు, కానీ గుమ్మం దగ్గర నుంచి సావుకారి వేలంపాట మొదలుపెట్టాడు. తన కొట్లోంచి పోయిన డబ్బానే పాడుతున్నాడు! సంఘపెద్ద భార్య పెంచింది. సావుకారి మళ్లీ పెంచాడు. వెనక ఆడవాళ్లు కొంగుముళ్లు విప్పి తలా కొంత కలిపి ఒక పాట పాడారు. అలా చాలాసేపు సాగింది. చివరికి సంఘపెద్ద భార్యే గెలుచుకుంది. పంతానికి పాడిందో, మనసు మారి పాడిందో నాకు తెలియదు, నేను అడగలేదు. బయట వాళ్ల జీపు దగ్గర ఆమె డబ్బా పక్కన నిలబడి, అక్క వైపు చూడకుండా అడిగింది.

"దీన్ని ఎప్పుడు కొయ్యాలె?"

"రెండు దినాలు ఆగు. మొదలుకు రెండు వేళ్లంత వదిలి కొయ్యి, మల్ల చిగురిస్తది. నీళ్లు పొద్దుగాలనే పొయ్యి వదినా, సందేళ పొయ్యకు."

నాకు ఫోన్లో ఇచ్చిన ఆర్డరు లాగే ఇచ్చింది. ఆమె తల ఊపింది.

ఫిబ్రవరిలో నాకు పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో సెక్యూరిటీ పని దొరికింది. ట్రంకు పెట్టె, హోల్డాలు మళ్లీ బస్సెక్కాయి. నేను పోయిన వారానికే అక్క మిద్దె మీద మళ్లీ విత్తింది. అది ఆమె పోస్టు, ఆమె చూసుకుంటుంది. గేటు దగ్గర కుర్రాళ్లు నన్ను బార్డరు కథలు చెప్పమంటారు. ఏదో ఒకటి చెప్పి పంపిస్తాను.

వాళ్లు వెళ్లాక నా కళ్ల ముందుకొచ్చేది బార్డరు కాదు. చర్చిలో కానుకల పాట అయిపోయింది. కానుకలు పెట్టినవాళ్లంతా తిరిగి తమ తమ చోట్లకు వెళ్లి కూర్చున్నారు. తెల్లబట్ట మీద ఎర్రటి తడి మెల్లగా నలువైపులా పాకుతోంది. మా అక్క వెనక వరసకు పోలేదు. చేతుల మట్టి చీరకు తుడుచుకోలేదు. అక్కడే, అందరికంటే ముందు, నిలబడి ఉంది.